ఇంట్లో కుక్కలుండగా ఇంకో కుక్కను దత్తత తెచ్చుకుంటే: మొదటి రోజు నుంచి ఏం చేయాలి

ఇంట్లో ఇప్పటికే కుక్కలున్న వాళ్లకే ఇంకో కుక్కను చూడగానే మనసు ఆగదు. బండి గుద్ది కాలు విరిగిందనో, యజమాని ఊరు మారుతూ వదిలేసి పోయాడనో, షెల్టర్లో ఎన్నాళ్లుగానో ఎవరూ అడగలేదనో, ఏదో ఒక కారణంతో ఒకటి మన ఇల్లు చేరుతుంది. మంచిదే. 2025లో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల గురించి అందరూ మాట్లాడుకున్నారు కదా, ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో దత్తత గురించి కూడా ఉంది: తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నవాళ్లదే. అంటే "తెచ్చి చూద్దాం, కుదరకపోతే ఎక్కడ దొరికిందో అక్కడే వదిలేద్దాం" అనే దారి లేదు. కోర్టు చెప్పినా చెప్పకపోయినా అది చేయకూడని పని.

ఇంకో విషయం ముందే చెప్తాను, కింద రాసేదంతా దాని మీదే నడుస్తుంది. కొత్తగా వచ్చిన దాని మీద జాలి, ప్రేమ ఎలాగూ ఉంటాయి, ఎవరూ నేర్పక్కర్లేదు. మొదటి నెలలో మీరు ఎక్కువ పట్టించుకోవాల్సింది పాత కుక్కల్ని. వాటి తిండి వేళ, పడుకునే చోటు, మీ పక్కన కూర్చునే చోటు, పొద్దున నడక, ఇవేవీ చెడకూడదు. అవి చెడకుండా కొత్తదాన్ని కొంచెం కొంచెంగా లోపలికి తెస్తే చాలా ఇళ్లలో పెద్ద గొడవలు లేకుండానే కలిసిపోతాయి. వచ్చిన రోజే అన్నింటినీ హాల్లో వదిలేసి "అవే సర్దుకుంటాయిలే" అనుకుంటేనే చెవులు చిరిగేది.

తెచ్చే ముందు

ముందు మీ ఇంట్లో ఉన్నవాటిని నిజాయితీగా చూసుకోండి. నడకకు వెళ్లినప్పుడు వేరే కుక్క కనిపిస్తే మీది ఏం చేస్తుంది? వాసన చూసి ముందుకు పోతుందా, లేక తాడు తెంపుకునేలా మొరుగుతుందా? మీ కుక్కకు పదకొండేళ్లు వచ్చి కీళ్లనొప్పులతో మెట్లు కూడా ఎక్కలేకపోతుంటే, ఆరు నెలల పిల్లను తెచ్చి దాని మీద గెంతించడం న్యాయం కాదు, దానికి నెమ్మదైన నాలుగైదేళ్ల కుక్క నయం. మామూలుగా ఒక ఆడ, ఒక మగ అయితే సర్దుబాటు సులువు. రెండు పెద్ద ఆడకుక్కల మధ్య పడకపోతే ఆ తగువు తీవ్రంగా ఉంటుంది, తొందరగా మర్చిపోవు కూడా. ఇది ప్రతి ఇంట్లో జరుగుతుందని కాదు, ఎంచుకునే అవకాశం ఉన్నప్పుడు గుర్తుపెట్టుకోండి.

షెల్టర్ వాళ్లను, లేదా దాన్ని ఇన్నాళ్లూ ఇంట్లో పెట్టుకుని చూసినవాళ్లను, ఈ ప్రశ్నలు అడగండి: వేరే కుక్కల పక్కన తిన్నదా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా, ఏ టీకాలు ఏ తేదీన వేశారు, మనిషిని కరిచిన సందర్భం ఉందా, చీకట్లో ఒంటరిగా ఉంటే ఏం చేస్తుంది. కొందరు రెండు వారాలు ఇంట్లో ఉంచుకుని చూసి తర్వాత రాతకోతలు పూర్తి చేయడానికి ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే మొహమాటపడకుండా ఆ పద్ధతే తీసుకోండి.

ఇంట్లో తలుపు ఉన్న ఒక గది కావాలి. గది లేకపోతే బాల్కనీ కాదు, వంటింటి పక్కన బట్టలు ఉతికే చోటైనా సరే, నీడ, గాలి, నేల మీద నీళ్లు నిలవకుండా ఉంటే చాలు. గుమ్మానికి అడ్డంగా జాలీ గేటు ఒకటి పెట్టించుకోండి, పసిపిల్లల కోసం అమ్మే గేట్లు దొరుకుతాయి, వెల్డింగ్ షాపులో చెప్పినా చేసిస్తారు. మన దేశీ కుక్కలు బాగా ఎత్తు దూకేస్తాయి కాబట్టి గేటు పొట్టిగా ఉంటే లాభం లేదు. కుక్కకొక గిన్నె, కుక్కకొక పడక, కుక్కకొక తాడు. ఈ లెక్క తప్పకూడదు.

ఇంటికి రాకముందే వెట్ దగ్గరికి

దారిలోనే డాక్టరుకు చూపించి తీసుకురండి. రేపు చూద్దాం అని వాయిదా వేయకండి, ఎందుకంటే ఇక్కడ ప్రమాదం ఒక్క కుక్కకు కాదు, ఇంట్లో ఉన్న అన్నింటికీ.

పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు తగిలిన కుక్క మామూలుగా మూడు నుంచి ఏడు రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు గానీ లక్షణాలు చూపించదు. డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బు కూడా వారం, రెండు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే దాక్కుంటుంది. అందుకే కొత్తదానికి టీకాల చరిత్ర తెలియకపోతే, ముఖ్యంగా అది పిల్ల అయితే, కనీసం రెండు వారాలు వేరే గదిలో వేరే గిన్నెలతో ఉంచాలి, పాతవాటి టీకాలు తేదీ దాటిపోయి ఉంటే ఇది తెచ్చే ముందే వేయించాలి. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌తో తుడిస్తే పోతుందని నమ్మకండి. ఒక వంతు ద్రవ బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి, నేలను ముందు సబ్బుతో కడిగాక ఈ నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడగాలి. ఆ సేపు కుక్కలు అక్కడ ఉండకూడదు.

వీధి నుంచి వచ్చిన కుక్కకు పిడుదులు ఉంటాయి. ఒకట్రెండు కనిపిస్తే ఇంకా చాలా ఉన్నాయని అర్థం: చెవి లోపలి మడతలు, కాలివేళ్ల మధ్య, తోక కింద, మెడపట్టా కింద చూడండి. వీటివల్ల వచ్చే టిక్ ఫీవర్ మన ఎండలకు ఏడాది పొడవునా ఉంటుంది. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, ఇవి దాని గుర్తులు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి కనిపిస్తాయి, చాలాసార్లు డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు ఇస్తారు, కుక్క మూడో రోజుకే లేచి తిరిగినా ఆ కోర్సు మధ్యలో ఆపకండి. పిడుదును చిన్న పట్టుకారుతో (ట్వీజర్‌తో) చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా నిటారుగా లాగాలి, వేళ్లతో చిదమకూడదు, కిరోసిన్ పూయకూడదు. ఆడ పిడుదు గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది కాబట్టి మందు కొత్తదానికి ఒక్కదానికే వేస్తే సరిపోదు, ఇంట్లో అన్ని కుక్కలకూ ఒకే రోజు, వాటి బరువును బట్టి డాక్టరు చెప్పినట్టు వేయండి, గోడల సందులు కూడా శుభ్రం చేయించండి.

నులిపురుగుల మందు, యాంటీ రేబిస్ టీకా సంగతి డాక్టరే చూస్తారు. రెండు విషయాలు మాత్రం మీరే అడగండి. ఒంటి మీద వెంట్రుకలు ఊడి గజ్జి ఉంటే అది ఏ రకమో చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూడమనండి, సార్కోప్టిక్ రకమైతే మిగతా కుక్కలకూ మనకూ అంటుతుంది, డెమోడెక్స్ అయితే అంటదు. రెండోది, మర్మావయవం దగ్గర నుంచి రక్తపు చుక్కలు పడుతుంటే టీవీటీ అనే గడ్డ ఉందేమో చూడమనండి, వీధికుక్కల్లో ఇది మామూలే, జతకట్టినప్పుడూ నాకినప్పుడూ ఇంకో కుక్కకు అంటుకుంటుంది. భయపడక్కర్లేదు, వారానికొకటి చొప్పున ఇచ్చే విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లకు చాలా కేసుల్లో పూర్తిగా తగ్గిపోతుంది. కాకపోతే తగ్గేదాకా వేరుగా ఉంచాలి.

డబ్బు ఇబ్బంది ఉంటే ప్రభుత్వ పశువైద్యశాలలు ఉన్నాయి. హైదరాబాద్‌లో నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులు చాలామందికి తెలుసు. పొద్దున్నే వెళ్తే మంచిది.

మొదటి మూడు రోజులు

పాత కుక్కల్ని మేడ మీదకో, పక్క గదిలోకో పంపేశాక కొత్తదాన్ని తాడుతో లోపలికి తెచ్చి నేరుగా దాని గదిలోకి తీసుకెళ్లండి. గేటు దగ్గర ముఖాముఖి వద్దే వద్దు, ఎందుకంటే గేటు పాతవాటి కాపలా స్థలం, అక్కడ వాటి కోపం రెట్టింపు.

ఆ రోజు స్నానం చేయించకండి. వాసన వస్తుంటే తడిగుడ్డతో తుడిచి వదిలేయండి. చుట్టాలను పిలిచి చూపించకండి, పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టకండి, పేరు పెట్టి పదేపదే పిలవకండి. గదిలో నీళ్లు, పడక, దూరి కూర్చోవడానికి ఒక మూల, అంతే. కొన్ని రెండు రోజులు తినవు. మా చిట్టి వచ్చిన కొత్తలో మంచం కింద నుంచి బయటికి రాలేదు. గిన్నె మంచం అంచున పెట్టి నేను గోడవైపు తిరిగి కూర్చుంటే ముందు ముక్కు, తర్వాత ఒక ముందుకాలు, ఆ తర్వాత మెడ చాచి ఒక్క ముద్ద నోట కరుచుకుని మళ్లీ లోపలికి పోయి అక్కడ నమిలేది. ఆ చప్పుడు వింటూ కదలకుండా కూర్చోవడమే అప్పుడు నేను చేయాల్సిన పని. మీరూ అంతే చేయండి, దాన్ని బయటికి లాగకండి, మంచం కింద చేయి పెట్టకండి. అయితే నీళ్లు కూడా ముట్టకపోయినా, వాంతులు, రక్త విరేచనాలు అయినా, లేదా అది పిల్ల అయి ఒక్క పూట తినడం మానేసినా ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

కుక్కల్ని రక్షించే వాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తుంటారు: మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి అర్థమవడం, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకోవడం. ఇది ఉజ్జాయింపు మాత్రమే, కానీ ఒక్క విషయంలో చాలా నిజం. మొదటి రోజుల్లో మీరు చూసే కుక్క అసలు కుక్క కాదు. నోరెత్తకుండా మూలన పడుకున్నది "ఎంత బుద్ధిమంతురాలో" అనిపిస్తుంది, భయం తీరాక మూడో వారంలో మొరగడం, గిన్నె కాపలా కాయడం, పాత కుక్క మీదకు వెళ్లడం మొదలవుతాయి. కాబట్టి మొదటి వారం బాగుందని గేట్లు తీసేయకండి.

వాసనతో పరిచయం

ఈ రోజుల్లోనే తలుపు మూసి ఉండగా పరిచయం జరిపించాలి. కొత్తదాని పడక మీద గుడ్డ తెచ్చి పాతవాటి దగ్గర వేయండి, వాటి గుడ్డ దీని గదిలో వేయండి. గుడ్డ వాసన చూస్తున్నప్పుడు ఒక చిన్న చికెన్ ముక్కో, ఉడికిన గుడ్డు ముక్కో ఇవ్వండి. (ఒంట్లో అంటువ్యాధి ఏదీ లేదని తేలాకే ఈ గుడ్డల మార్పిడి, దీని తర్వాత చెప్పేవీ, అనుమానం ఉంటే రెండు వారాలు ఆగండి.) పాతవి బయట నడకకు వెళ్లినప్పుడు కొత్తదాన్ని తాడుతో ఇల్లంతా తిప్పండి, అవి వచ్చేసరికి మళ్లీ గదిలోకి. అలా ఒకదాని వాసన ఇంకోదానికి ఇంటి వాసనలో భాగమైపోతుంది.

తలుపు కింద సందులో ముక్కు పెట్టి రెండూ వాసన పీలుస్తూ, కాసేపటికి విసుగొచ్చి వెళ్లిపోతుంటే మంచి గుర్తు. తలుపు దగ్గరే గంటల తరబడి కాపలా కూర్చుంటే, గోకుతుంటే ఇంకా సమయం పడుతుంది.

మొదటి కలయిక: ఇంట్లో కాదు, రోడ్డు మీద

ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కరే ఉంటే ఆ రోజు వద్దు. మీ కుక్క రోజూ తిరిగే సందు కాకుండా కొంచెం దూరంగా, వీధికుక్కల గుంపు లేని చోటు చూసుకోండి, ఖాళీ లేఅవుటో, పొద్దున్నే కాలేజీ గ్రౌండో. ఒకరు పాత కుక్కతో, ఒకరు కొత్త కుక్కతో, మధ్య రోడ్డంత దూరం పెట్టి ఒకే దిశలో నడవండి. ఎదురెదురుగా రావద్దు. కుక్కల లోకంలో సూటిగా ముఖంలోకి చూస్తూ ఎదురు రావడం తగువుకు పిలుపు, పక్కపక్కన నడవడం కలిసి పోతున్నట్టు.

నడుస్తూ నడుస్తూ రెండూ నేల వాసన చూడటం, ఒళ్లు దులుపుకోవడం మొదలుపెడితే దూరం కొంచెం తగ్గించండి. ఏదైనా ఒకటి బిగుసుకుని చూస్తే మళ్లీ పెంచండి. తాడు వదులుగా ఉండాలి, మన చేతిలో బిగువు తాడు గుండా దానికి తెలిసిపోతుంది, మనకు టెన్షన్ ఉంటే దానికీ వస్తుంది. బాగా నడుస్తుంటే చివర్లో వెనకనుంచి వాసన చూసుకోనివ్వండి, మూడు సెకన్లు, అంతే, పేరు పెట్టి పిలిచి ముందుకు నడిపించండి. ఇంకాసేపు ఉంచితే చూద్దామనిపిస్తుంది, అప్పుడే ఆపేయాలి. రోజూ ఇలాగే. ఇంట్లో రెండు మూడు పాత కుక్కలుంటే ఒక్కొక్కదానితో విడివిడిగా, అన్నిటికంటే నెమ్మదస్తురాలితో మొదలుపెట్టి. గుంపుగా వాటిని ఎదురు నిలబెట్టడం అంటే కొత్తదాన్ని చుట్టుముట్టించడమే.

నడక బాగా జరిగిన రోజు అందరూ కలిసి ఇంటికి రండి, కొత్తదాన్ని ముందు లోపలికి పంపి, పాతదాన్ని వెనక తీసుకురండి. ఎందుకంటే పాతది ముందు దూరితే గుమ్మంలో నిలబడి అడ్డుకుంటుంది. ఆ ముందే హాల్లోంచి ఎముకలు, బొమ్మలు, గిన్నెలు, సోఫా మీది దాని ఇష్టమైన దుప్పటి అన్నీ తీసేసి ఉండాలి. మొదటి రోజు పది నిమిషాలు, తాళ్లు నేల మీద ఈడ్చుకుంటూ ఉండనివ్వండి, అవసరమైతే తొక్కి ఆపవచ్చు. తర్వాత కొత్తది గదిలోకి, మధ్యలో జాలీ గేటు. రోజురోజుకూ ఆ సేపు పెంచుకుంటూ పోండి.

తిండి దగ్గర

గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. వీధిలో బతికిన కుక్కకు తిండి అంటే పరుగు, లాక్కోవడం, మింగేయడం. దానికి రేపు కూడా గిన్నె నిండుతుందని తెలియడానికి వారాలు పడుతుంది. కాబట్టి అన్నీ ఒకేసారి, కానీ ఒకదానికొకటి కనపడకుండా తినాలి: ఒకటి వంటింట్లో, ఒకటి వసారాలో, కొత్తది తలుపు మూసిన గదిలో. ముందు పాతవాటికి పెట్టండి, తర్వాత కొత్తదానికి. పదిహేను నిమిషాల తర్వాత గిన్నెలు అన్నీ తీసేసి, కడిగి, లోపల పెట్టి, అప్పుడు తలుపులు తెరవండి. ఖాళీ గిన్నె కోసం కూడా కొట్టుకుంటాయి, అది చాలామందికి తెలియదు. రోజంతా గిన్నెలో తిండి వదిలేసే అలవాటు ఉంటే ఇక మానేయాల్సిందే.

తినేటప్పుడు గిన్నెలో చేయి పెట్టి "ఏమీ అనకూడదు" అని నేర్పించే పద్ధతి ఒకటి ఉంది, దయచేసి అది చేయకండి. దానివల్ల అది నేర్చుకునేది మనుషులు తిండి లాక్కుంటారనే. బదులుగా దూరం నుంచి వెళ్తూ ఇంకా రుచైన ముక్క ఒకటి గిన్నె వైపు విసరండి. కొన్నాళ్లకు మీరు వస్తుంటే తల ఎత్తి తోక ఊపుతుంది.

ఏం పెట్టాలంటే, అది ఇంతకుముందు తిన్నదే మొదటి రోజుల్లో పెట్టి, వారం పాటు కొంచెం కొంచెంగా మీ ఇంటి తిండిలోకి మార్చండి. ఉప్పు, కారం లేని అన్నం, ఉడికించిన చికెన్, గుమ్మడికాయ, గుడ్డు, పెరుగు చాలా కుక్కలకు పడతాయి. పాలు చాలావాటికి విరేచనాలు చేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ వద్దు, ఆదివారం మటన్ కూరలోని ఉడికిన ఎముకలు అసలే వద్దు, అవి చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, పైగా కుక్కల మధ్య ఎముక పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. జ్వరంగా ఉందని ఇంట్లో మనుషులు వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ ఇవ్వకండి, ప్రాణాల మీదకు వస్తుంది.

గుర్రుమంటే కొట్టకండి

గుర్రుమనడం తప్పు కాదు, "దూరంగా ఉండు" అని చెప్పే మర్యాద అది. దానికి తిట్టి, కొట్టి నోరు మూయిస్తే రేపు హెచ్చరిక లేకుండా కరుస్తుంది. గుర్రుమన్నప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే, ఎందుకన్నదో చూసి ఆ దూరం కల్పించడం.

దానికంటే ముందే వచ్చే గుర్తులు పట్టుకోవడం నేర్చుకుంటే గుర్రుమనేదాకా రాదు. మా రాణి పెద్దది, నోరు తెరిచి మొరగడం తక్కువ. దానికి నచ్చనప్పుడు వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడుతుంది, తోక పైకి లేచి ఊగకుండా ఆగిపోతుంది, నోరు మూసుకుపోతుంది, తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి చూస్తే తెల్లగుడ్డు చంద్రవంకలా కనిపిస్తుంది. ఆ ఒక్క క్షణం బిగుసుకోవడమే అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు. అప్పుడు అరవకుండా, పరిగెత్తకుండా, మామూలు గొంతుతో "రా, బయటికెళ్దాం" అని దాన్ని అక్కడి నుంచి కదిలించాలి. భయపడే కుక్కకైతే వేరే గుర్తులు: నిద్ర రాకపోయినా ఆవలింతలు, ఆకలి లేకపోయినా పెదవులు నాకడం, ముఖం తిప్పుకోవడం, తోక కాళ్ల మధ్య.

అది ఆటా, తగువా అని తెలియకపోతే ఇలా చూడండి. ముందుకాళ్లు నేలకు ఆనించి వెనకభాగం ఎత్తి పిలవడం, ఒళ్లంతా వదులుగా ఉండటం, కాసేపు ఇది కింద కాసేపు అది కింద పడటం ఆట. ఎప్పుడూ ఒకటే కింద పడుతుంటే, ఒకటే పారిపోతుంటే, పైనున్నదాన్ని కాసేపు పట్టుకోండి. కిందిది తిరిగొచ్చి మళ్లీ గెలికితే ఆటే, వెళ్లి మంచం కింద దూరితే దానికి అది ఆట కాదు.

నిజంగా కొట్టుకుంటే

మధ్యలో చేతులు పెట్టకండి, మెడపట్టా పట్టుకోవడానికి వంగకండి, అలాంటప్పుడు కుక్కకు మీ చేయి ఎవరిదో తెలియదు. స్టీలు పళ్లేలు గట్టిగా కొట్టండి, బకెట్ నీళ్లు ముఖాల మీద పోయండి, మందపాటి దుప్పటి వేయండి, కుర్చీయో అట్టముక్కో మధ్యలోకి తోయండి. పట్టు వదిలిన క్షణంలో ఇద్దరు మనుషులుంటే చెరో కుక్కను వెనకకాళ్లు ఎత్తి వెనక్కి నడిపిస్తూ వేరే గదుల్లోకి తీసుకెళ్లి తలుపులు వేయాలి. ఆ రోజుకు మళ్లీ కలపొద్దు, రెండు మూడు రోజులు గేటు అవతలే, తర్వాత మళ్లీ రోడ్డు నడక నుంచి మొదలు. వెంట్రుకల కింద చిన్న రంధ్రంలా కనిపించే పంటిగాటు లోపల లోతుగా ఉంటుంది, కాబట్టి వెట్‌కు చూపించాల్సిందే.

మీకు గాటు పడితే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం ఏమీ పెట్టకండి. మన కుక్కే కదా, టీకా వేశాం కదా అని ఊరుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వాస్పత్రుల్లో యాంటీ రేబిస్ టీకా ఉచితం, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి దీనికి అందరికీ తెలిసినవే. రక్తం వచ్చేలా గాటు పడితే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమా అని అడగండి.

పారిపోకుండా

దత్తత వచ్చిన కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా కొత్తలోనే. గేటు తెరిచి ఉందా చూసుకుని తలుపు తీయండి, పాలవాడు, కొరియర్ అబ్బాయి, పనిమనిషి అందరికీ చెప్పి పెట్టండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడపట్టాకు ఒక తాడు, హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ వేసే పట్టాకు) ఇంకో తాడు వేయండి, భయపడ్డ కుక్క వెనక్కి గుంజితే పట్టా తల మీదుగా ఊడిపోతుంది. పట్టా మీద మీ ఫోన్ నంబరు ఉండాలి. దీపావళి ముందు తెచ్చారంటే ఇంకా జాగ్రత్త, టపాసుల రోజుల్లో చీకటి పడకముందే నడక ముగించి, కిటికీలు మూసి, ఫ్యానో టీవీయో పెట్టి లోపలే ఉంచండి. అన్నట్టు, కార్పొరేషన్ పరిధిలో ఉంటే పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకోవడం కూడా ఈ నెలలోనే పూర్తి చేయండి, దానికి యాంటీ రేబిస్ టీకా సర్టిఫికెట్ కావాలి.

ఆపరేషన్ కాకపోతే వెట్‌తో మాట్లాడి చేయించండి. మగదానికి ఆపరేషన్ అయిన మర్నాడే అంతా అయిపోయిందనుకోకండి, ఇంకొన్ని వారాలు దానివల్ల ఆడకుక్కకు చూలు నిలవొచ్చు. ఇంట్లో ఎదకొచ్చిన ఆడది ఉంటే నెల పైనే వేరుగా ఉంచడం మంచిది.

మూత్రం విషయంలో ఓపిక కావాలి. వీధిలో దానికి లోపల, బయట అన్న తేడా లేదు. లేవగానే, తిన్న వెంటనే, రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్లి, అక్కడ పోస్తే వెంటనే మెచ్చుకోండి. పాత కుక్క కూడా ఉన్నట్టుండి సోఫా కాలికి పోయడం మొదలుపెడితే కోప్పడకండి, దానికి ఇబ్బందిగా ఉందని చెప్తోంది. రోజూ దాన్ని ఒక్కదాన్నే తీసుకుని నడకకు వెళ్లండి, పది నిమిషాలైనా సరే, కొత్తది లేకుండా, మీరూ అదీ మాత్రమే.

నెలన్నర దాటినా ఒకటి తిండి మానేసి మూలన ఉంటున్నా, గాట్లు పడే గొడవలు మళ్లీ మళ్లీ వస్తున్నా, ముందు వెట్ దగ్గర నొప్పులేమైనా ఉన్నాయేమో చూపించండి. చెవినొప్పి, పంటినొప్పి, కీళ్లనొప్పి ఉన్న కుక్క పక్కది తగిలితేనే కరుస్తుంది. నొప్పి లేదని తేలితే కొట్టకుండా నేర్పే ట్రైనర్‌ను పిలవండి. అప్పటికీ కుదరక రెంటిలో ఒకటి రోజూ భయంతో బతుకుతుంటే, ఇచ్చినవాళ్లకు చెప్పి దానికి సరిపోయే ఇల్లు దొరికేదాకా మీ దగ్గరే గేటు అవతల ఉంచి వెతకండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అంతా బాగుంటే ఆఖరున చేయాల్సింది, మీరు లేనప్పుడు వాటిని కలిపి వదలడం. ఒకదాని పక్కన ఒకటి నిద్రపోతున్నాయా, తలుపు గంట మోగినప్పుడు కూడా ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటున్నాయా, కొన్ని వారాలుగా గొడవ లేదా అని చూసుకున్నాకే మొదలుపెట్టండి. గిన్నెలు, బొమ్మలు తీసేసి, పాత ఫోన్ ఒకటి కెమెరాలా పెట్టి, ముందు చెత్త పడేసి వచ్చేంత సేపు, తర్వాత పాలప్యాకెట్ తెచ్చేంత సేపు. వచ్చాక వీడియో చూడండి. ఏ ఒక్కటి బిగుసుకుని కనిపించినా ఇంకో నెల గేటు ఉంచండి, మీరు పనికి వెళ్లేటప్పుడు గేటు ఎప్పటికీ ఉన్నా నష్టమేమీ లేదు.